జంబయ్య కాలేజీ, నారయ్య ముడి

వాగు మీదికి వంగిన ఒక ఈత చెట్టు ఉండేది. దాని మట్టల చివర గిజిగాళ్ళ గూళ్ళు వేలాడుతుండేవి. కింద నీళ్ళు, చుట్టూ ముళ్ళు. పాము ఎక్కలేదు, పిల్లి అందుకోలేదు. ఆ చెట్టు మీది గిజిగాళ్ళందరిలోకీ చెయ్యి తిరిగినవాడు నారయ్య. పిట్టకి చెయ్యేమిటంటారేమో, ముక్కే వాడి చెయ్యి.

గిజిగాళ్ళలో ఒక ఆచారం ఉంది. మగపిట్ట గూడు కడుతుంది, ఆడపిట్ట వచ్చి లోపల కూర్చుని ఊపి చూస్తుంది. నచ్చితే కాపురం, లేకపోతే ఆ గూడు గాలికే. నారయ్య భార్య పోలమ్మ ఏడుగురి గూళ్ళు ఊపి, ఏడింటికీ వంకపెట్టి, ఎనిమిదోది నారయ్యది ఊపి, మాట్లాడకుండా లోపలే ఉండిపోయింది. ఆవిడ మెచ్చుకోలు అంతే. అంతకు మించి ఎప్పుడూ మెచ్చుకోలేదు కూడా.

ఒక ఏడు గాలివాన వచ్చింది. అడవిలో కాకి గూడు లేదు, పావురం గూడు లేదు, అన్నీ వాగులో కొట్టుకుపోయాయి. ఈత చెట్టు మీద మాత్రం ఒక్క గూడూ ఊడలేదు. బండ కింద తడిసి ముద్దయి కూర్చున్న ఒక నక్క అది చూసింది. పేరు జంబయ్య. అప్పట్లో పక్కటెముకలు దూరం నుంచి కూడా కనపడేవి. తిండి లేదు గానీ బుర్ర మాత్రం నిండుగా ఉండేది.

"నారయ్య బావా, అడవంతా కొట్టుకుపోతే నీ గూడు కదల్లేదు. ఏం మంత్రం వేశావు?"

"మంత్రమా, పాడా! ముడి. మొదటి ముడి గట్టిగా పడితే మిగతా గూడంతా దాన్ని పట్టుకునే ఉంటుంది."

"నేర్పితే వస్తుందా?"

"ఇరవై రోజులు ముక్కు అరిగేదాకా వేస్తే ఎవరికైనా వస్తుంది."

జంబయ్య కళ్ళు మెరిశాయి. "అయితే బావా, నీకు పని వచ్చు, నాకు మాట వచ్చు. నువ్వు నేర్పు, నేను పిలుచుకొస్తాను."

పోలమ్మ గూట్లోంచి తల బయట పెట్టింది. "నీకేమిటి లాభం తమ్ముడూ?"

"పోలమ్మక్కా, అంత మాటన్నావేంటి? నేర్చుకున్నవాళ్ళు తలా ఒక పీత తెచ్చిస్తే నా పొట్ట నిండదూ?"

అలా మొదలైంది. మొదటి ఏడు ముగ్గురే చేరారు. ఒక కుంటి గువ్వ, ఒక గోరింక, ఒక పావురం. నారయ్య ఇరవై రోజులు వాళ్ళ చేత ముడి తప్ప ఇంకేదీ వేయించలేదు. పరీక్ష ఒకటే. ఎవరు కట్టిన గూట్లో వాళ్ళు కూర్చోవాలి, మొదటి వాన వచ్చిపోయేదాకా. పావురం ఉరుము వినగానే ఎగిరిపోయింది. గోరింక గూడు సగం జారింది. కుంటి గువ్వ గూడు మాత్రం వానంతా ఊగి ఊగి, అలాగే నిలబడింది. వాన వెలిశాక గువ్వ తల బయటపెడితే అడవిలో సగం మంది అక్కడే ఉన్నారు. నారయ్య ఎగిరెళ్ళి గువ్వ వేసిన ముడిని తిప్పి తిప్పి చూసుకున్నాడు. జంబయ్య గొంతు మాత్రం అప్పుడే లేచింది.

"చూశారా అన్నల్లారా! కాలు లేనిదానికి ఇల్లు వచ్చింది. కాలున్నవాళ్ళకి రాదా?"

ఆ మరుసటి ఏడు అరవై మంది. ఆ తరవాత చెప్పక్కర్లేదు. పిట్టకి అన్నేసి ఏళ్ళు ఆయుష్షెక్కడిదని అడక్కండి, కథలో పిట్టకి ఆయుష్షు గట్టిది. ముప్ఫై వానాకాలాలు గడిచాయి. ఆ ముప్ఫై వానల్లో జంబయ్య పెరిగినట్టు ఆ అడవిలో మద్ది చెట్లు కూడా పెరగలేదు.

వాగుకి అవతల బ్రాంచి పెట్టాడు. కొండ మలుపులో ఇంకొకటి. ఎలుక నడిపే తవ్వకాల బడిని కలుపుకున్నాడు, కొంగ నడిపే వేట బడిని కలుపుకున్నాడు. వాళ్ళ బోర్డులు తీయించి తన బోర్డు కట్టించాడు. విద్యార్థులు నడవలేకపోతున్నారని గేదెల్ని పెట్టాడు. పొద్దున్నే ముప్ఫై గేదెలు, ఒక్కొక్క గేదె వీపు మీద ఇరవై మంది, దుమ్ము రేపుకుంటూ కొండ దిగుతుంటే నారయ్య ఈత మట్ట మీద కూర్చుని నోరు తెరిచేవాడు. పాసైనవాడి తలలో నెమలీక గుచ్చేవారు. ఈక గుచ్చుకున్న కొడుకుని చూసి, బొరియ దాటి ఎరగని ముసలి ఎలుక బావురుమనడం నారయ్య కళ్ళారా చూశాడు. అది చూసినవాడెవడైనా జంబయ్యకి దండం పెడతాడు. నారయ్యా పెట్టాడు.

చివరికి తోడేళ్ళు కూడా వచ్చి, "మేమూ నీ కాలేజీలో భాగం పెడతాం" అన్నాయి. పిట్టలూ ఎలుకలూ చదివే బడికి తోడేళ్ళు పెద్దలయ్యాయంటే మాటలా!

"చూశావుటే," అన్నాడు నారయ్య పోలమ్మతో, "మన ఈత చెట్టు కింద పుట్టిందే ఇదంతా! ఇక్కణ్ణించి చూస్తే ఎక్కడిదాకా ఉందో చివర కనపడట్లేదు."

"నక్క తోక తొక్కాననుకుంటున్నావు. తొక్కించుకుంటున్నది నువ్వు," అంది పోలమ్మ.

ఆవిడ మాటలో అబద్ధం లేదు. కాలేజీ పెరిగినకొద్దీ ముడి తరుగుతూ వచ్చింది. మొదట జంబయ్య వచ్చి, "బావా, ఇరవై రోజులంటే పిల్లలు పారిపోతున్నారు, పది చేద్దాం" అన్నాడు. తరవాత పది ఐదైంది. ఒక ఏడు అసలు తీసేశాడు.

"ముడి తీసేస్తే గూడెలా నిలబడుతుందయ్యా?" అన్నాడు నారయ్య.

"బావా, పైకి కనపడేది గూడు. ముడి ఎవడు చూస్తాడు?"

వాన పరీక్ష కూడా పోయింది. వాన కోసం కాచుకుంటే రెండో బ్యాచి ఎప్పుడు పాసవుతుందని, దొప్పతో నీళ్ళు చల్లి పరీక్ష అన్నారు. కొన్నాళ్ళకి నీళ్ళూ మానేసి, "వాన అనగానేమి?" అని నోటితో అడగడం మొదలుపెట్టారు. నారయ్యకి లోపల ఎక్కడో గుచ్చుకునేది. కానీ తలెత్తి చూస్తే ఆ గేదెలు, ఆ జనం, ఆ దుమ్ము! ఇంత పెద్ద పని చేసినవాడికి తెలియదా, ముడి ఒక్కటే పట్టుకు కూర్చున్న నాకు తెలుస్తుందా అనుకునేవాడు. ఆశ్చర్యం ఎక్కువైనవాడికి అనుమానం తక్కువ.

పాసైనవాళ్ళందరికీ ఉద్యోగం గ్యారంటీ అనేవాడు జంబయ్య. అదీ అబద్ధం కాదు. ఈక గుచ్చుకున్న ప్రతివాణ్ణీ కాకి కోటయ్య చేతి కింద పెట్టేవాడు. కోటయ్య వాళ్ళని దారి మలుపుల్లో నిలబెట్టి, "రండి, చేరండి, ఉద్యోగం గ్యారంటీ" అని అరిపించేవాడు. అదే ఉద్యోగం. ఆ అరుపు విని వచ్చి చేరినవాళ్ళకి మళ్ళీ అదే ఉద్యోగం. గూళ్ళ శాఖకి పెద్దగా కోకిల మధురమ్మని పెట్టారు. ఆ జాతి పుట్టి బుద్ధెరిగి ఒక్క గూడు కట్టలేదని అడవిలో అందరికీ తెలుసు. కానీ పాఠం చెప్తుంటే వినాలనిపించేది, ఆ గొంతు అలాంటిది.

ఇక మిగిలింది గుర్తింపు ఒక్కటే. అడవికి పెద్ద ఏనుగు భద్రమ్మ వచ్చి బ్రాంచీలన్నీ చూసి, సరే అంటే చాలు. అప్పుడు వాగు ఒడ్డున ఉన్న చెట్లన్నీ కాలేజీవి. తలలో ఈక ఉన్నవాళ్ళే వాటి మీద గూడు కట్టాలి, లేనివాళ్ళు దిగిపోవాలి.

ఆ మాట వినగానే నారయ్య జంబయ్య దగ్గరికి ఎగిరొచ్చాడు. "జంబయ్యా, నాకు ఈక లేదే?"

"అదే నేనూ చెప్దామనుకుంటున్నా బావా. ముప్ఫై ఏళ్ళుగా ఇక్కడే ఉన్నావు, ఒక్కసారైనా పరీక్ష రాసుకోకపోయావా?"

"నేను పెట్టిన పరీక్ష నేనెలా రాసేది?"

"సరే, జరిగిందేదో జరిగింది. ఒక పని చెయ్యి. ఇన్‌స్పెక్షన్ నాడు భద్రమ్మగారి కంటపడకు. ఈక లేని గురువున్నాడంటే మొత్తానికే ముప్పు. నీవీ నీ చుట్టాలవీ కలిపి ఓ నలభై గూళ్ళు అరువియ్యి. ఆవిడ పోయాక సాయంత్రం నా చేత్తో నీ తలలో ఈక గుచ్చుతాను. నీ చెట్టు నీకే ఉంటుంది."

"గూళ్ళెందుకు?"

"నాలుగు బ్రాంచీల్లో చూపించడానికి. ఆవిడ ఒక బ్రాంచిలో చెరుకు తింటుండగా, మన గేదెలు అడ్డదారిన అవే గూళ్ళు తీసుకెళ్ళి తరవాత బ్రాంచిలో కట్టేస్తాయి."

నారయ్య ఆ ఎత్తు విని కూడా ఆశ్చర్యపోయాడు. ఏం బుర్రరా నాయనా! తేరుకుని ఒక్క మాట అన్నాడు. "పోలమ్మ గుడ్లు పొదుగుతోంది. ఆ గూడు మాత్రం ముట్టకూడదు."

"ఛ, ఛ! అక్క గూడు ముడతామా?"

ఆ రోజు రానే వచ్చింది. నారయ్య పొద్దున్నే పోలమ్మ కోసం మిడతలు ఏరుకురావడానికి చేలవైపు వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి ఈత చెట్టు బోడిగా ఉంది. నలభై గూళ్ళూ లేవు. పోలమ్మ గూడు ఉన్నచోట కోసిన మట్ట మొదలు కనపడుతోంది. నోట్లోంచి మిడత జారి వాగులో పడింది.

కొమ్మ మీద కాకి కోటయ్య కాపలా కూర్చున్నాడు. "ఏమిట్రా ఇది కోటయ్యా? పోలమ్మ ఏది?"

"ఏం చెయ్యను మామా? నలభై అన్నారు. ఏరితే ముప్ఫై తొమ్మిదే తేలాయి. నలభైకి ఒకటి తగ్గితే అయ్యగారు ఊరుకుంటారా? అత్త లోపల కూర్చుని నన్ను నాలుగు పొడుపులు పొడిచింది కూడా. గూటితో పాటే వెళ్ళింది."

నారయ్య ఇంక నిలబడలేదు. అడ్డదారి మీదుగా ఎగిరాడు. మొదటి బ్రాంచి ఖాళీ, రెండోది ఖాళీ, మూడోదీ ఖాళీ. అన్నిచోట్లా చెరుకు పిప్పి ఉంది, గూళ్ళు లేవు.

పెద్ద బ్రాంచి మద్ది తోపులో ఉంది. అక్కడ వాగు లోతు. ఆకాశం నల్లగా మూసుకొస్తోంది. తోపు నిండా జనం. తోడేళ్ళు ముందు వరసలో కూర్చున్నాయి. నీళ్ళ మీదికి వంగిన కొమ్మలకి నలభై గూళ్ళు వేలాడుతున్నాయి. భద్రమ్మ ఒక్కొక్కదాన్నీ వాసన చూస్తూ వస్తోంది. జంబయ్య పక్కన వంగి వంగి నడుస్తున్నాడు.

"ఏమోయ్ జంబయ్యా, మద్ది తోపులో గూళ్ళకి ఈత వాసనేమిటి?"

"అమ్మగారూ, నాణ్యత కోసం ఈత నారే తెప్పిస్తాం."

నారయ్య ఆకుల చాటున వాలి పోలమ్మ గూడు వెతికాడు. కనపడింది. వరసలో చివరిది, సరిగ్గా లోతు మీద. గూడు వాడు కట్టిందే, ఒక్క పోగు కూడా కదల్లేదు. కానీ కోసిన మట్టని కొమ్మకి కట్టిన ముడి వాడిది కాదు. ఎవడో ఈక గుచ్చుకున్నవాడు వేశాడు. చుట్టు మీద చుట్టు చుట్టి వదిలేశాడు, లోపలికి దోపలేదు. చూస్తుండగానే ఒక చుట్టు జారింది.

"పోలమ్మా, బయటికి రా!"

"గుడ్లు నువ్వు పట్టుకొస్తావా?" లోపల్నించి కేక వచ్చింది. "నేను రాను. నీ కాలేజీ వాళ్ళని ముడి వెయ్యమను!"

ఇంకో చుట్టు జారింది. నారయ్యకి అంతా ఒక్కసారే తెలిసింది. ఇప్పుడు బయటికి వెళ్తే ఈక రాదు, ఈక లేకపోతే చెట్టు లేదు, తన చుట్టాలందరికీ గూడు లేదు. వెళ్ళకపోతే చెట్టు ఉంటుంది, పోలమ్మ ఉండదు. ఆవిడ గుడ్లు వదిలి ఎగిరే రకం కాదని వాడికి తెలుసు. ముప్ఫై ఏళ్ళు గేదెల్ని చూసి నోరు తెరిచిన పిట్ట, ఆ ముడిని నేనే పోనిచ్చాను కదా అనుకుని మొదటిసారి సిగ్గుపడింది.

ఒడ్డున ఉన్న రెల్లు ఆకు అంచు కొరికి, నిలువునా ఒక పోగు లాగి, అందరూ చూస్తుండగా రివ్వున వెళ్ళి కొమ్మ మీద వాలాడు నారయ్య. కాలితో పోగు నొక్కిపెట్టి, కొమ్మ చుట్టూ తిప్పి, కిందినించి దోపి, ముక్కుతో లాగి, మళ్ళీ దోపాడు. జారుతున్న చుట్టు ఆగింది. ఇంకో పోగు, ఇంకో ముడి. భద్రమ్మ చెరుకు నమలడం మానేసి తల పైకెత్తి నిలబడిపోయింది.

"ఎంత పనివాడు!" అంది ఆవిడ నెమ్మదిగా. "ఎవరోయ్ ఇతను? తలలో ఈక లేదేం?"

జంబయ్య లోపల లెక్క వేసుకున్నాడు. గురువు అంటే ఈక ఏదంటుంది. ఎవరో తెలీదంటే, మీ గూటికి ఇతనెందుకు ముడి వేస్తున్నాడంటుంది. మాటకి తడుముకోవడం వాడి ఒంట్లో లేదు. "మా విద్యార్థే అమ్మగారూ! కొత్తగా చేరాడు. మొన్న... మొన్ననే."

తోడేళ్ళు బలే అన్నట్టు తలలూపాయి. భద్రమ్మ చెవులు ఆనందంగా ఆడించింది.

"మొన్న చేరినవాడే ఇలా కడితే మీ గురువులు ఎలా కడతారో! చూసి తీరాలి. ఇతను కట్టింది ఉంచి, మిగతావన్నీ విప్పించి, గురువుల చేత నా కళ్ళ ముందు మళ్ళీ కట్టించు. ఇదిగో వాన కూడా వస్తోంది, మంచిదే."

జంబయ్య తోక దానంతటదే కాళ్ళ మధ్యకి పోయింది. గురువులు ముందుకొచ్చారు. కోకిల మధురమ్మ గొంతు సవరించుకుని, ముడి పుట్టుక గురించి, ముడి గొప్పతనం గురించి, ముడి వల్ల జీవులకి కలిగే మేలు గురించి ఎంతో హాయిగా చెప్పుకుపోయింది.

"పాట బాగుంది తల్లీ," అంది భద్రమ్మ. "ఇక ముడి వెయ్యి."

వేశారు. అందరూ కలిసి ముప్ఫై తొమ్మిది గూళ్ళూ కట్టారు. కట్టారనే అనాలి మరి. అప్పుడే మొదటి చినుకు పడింది. తరవాత గాలి వచ్చింది.

మొదటి గూడు టపీమని నీళ్ళలో పడింది. అందరూ అటు చూసేలోపు ఇటు రెండు పడ్డాయి. ఆ పైన వరసగా, పండిన నేరేడు పళ్ళు రాలినట్టు రాలాయి. ముప్ఫై ఏళ్ళ కాలేజీ, మూడు కొండల మేర బ్రాంచీలు, ముప్ఫై గేదెలు, అన్నీ అలాగే ఉన్నాయి. కానీ వాన దేన్నీ అడగలేదు, ముడి వచ్చా అని ఒక్కటే అడిగింది. తోడేళ్ళు తడుస్తున్నామన్న వంకతో లేచి వెళ్ళిపోయాయి, మళ్ళీ ఆ దిక్కున కనపడలేదు.

వానంతా అయ్యేసరికి ఒకే ఒక్క గూడు మిగిలింది. గాలికి అటూ ఇటూ ఊగి, మెల్లగా నిలకడైంది. భద్రమ్మ దగ్గరకొచ్చి తొండంతో ఆ కొమ్మని కిందికి లాగి ఊపింది. కొమ్మ వంగింది, ఆకులు రాలాయి, ముడి మాత్రం కదల్లేదు. లోపల్నించి పోలమ్మ తొండం కొస మీద ఒక్క పొడుపు పొడిచింది.

"గుడ్లున్నాయి, తెలీదా?"

భద్రమ్మ తొండం వెనక్కి తీసుకుంది. అంత పెద్ద ఏనుగు, అంత చిన్న గూటి ముందు రెండడుగులు వెనక్కి వేయడం ఆ తోపంతా చూసింది. నారయ్యా చూశాడు. ముప్ఫై ఏళ్ళుగా కొండలవైపు చూసి చూసి తెరిచిన నోరు, ఇప్పుడు తన ముక్కుతో తాను వేసిన ముడిని చూసి తెరుచుకుంది.

"గుర్తింపు ఇస్తున్నాను," అంది భద్రమ్మ.

జంబయ్య చెవులు నిక్కబొడుచుకున్నాయి.

"ఈ ముడికి. ఈ ముడి వేసేవాళ్ళకి ఈక ఉన్నా లేకపోయినా ఒకటే, వాళ్ళ చెట్టు జోలికి ఎవరూ పోకూడదు. ఇక జంబయ్యా, ఇతను నీ విద్యార్థే అన్నావు కదూ?"

"అ... అవునమ్మగారూ."

"నలుగురి ముందూ అన్నావు. కాదనకు. నీ విద్యార్థికి వచ్చినది నీ గురువులకి రాలేదు. కాబట్టి రేపట్నించి నీ గురువులంతా అతని దగ్గర కూర్చుని నేర్చుకోవాలి. వాళ్ళకి ముడి వచ్చేదాకా మీ బ్రాంచీలకి తాళం. గురువులందరికీ పెద్ద ఎవరు?"

తోపులో ఉన్న తలలన్నీ జంబయ్య వైపు తిరిగాయి.

ఆ సాయంత్రమే భద్రమ్మ పోలమ్మ గూటిని పదిలంగా మోసుకొచ్చి ఈత చెట్టుకి ఆనించి పట్టుకుంటే, నారయ్య మళ్ళీ ముడి వేశాడు. మర్నాడు ఆ చెట్టు కింద ముందు వరసలో, కోకిలకి ఒక పక్కన, కొంగకి ఒక పక్కన నక్క కూర్చుంది. రెల్లు పోగు మూతికి చుట్టుకుంది, మీసాలకి చిక్కుకుంది, ఒక్కసారి కూడా దోపు కుదర్లేదు. చుట్టూ చేరిన వందల మంది విద్యార్థులు నవ్వు ఆపుకోలేకపోతున్నారు. నారయ్యకి జాలేసి దగ్గరికి వెళ్ళబోయాడు.

"బావా," అన్నాడు జంబయ్య మూతి కట్టేసుకున్న గొంతుతో, "ఐదు రోజుల్లో అయిపోయే దారేమైనా ఉందా?"

జవాబు గూట్లోంచి వచ్చింది. "ఇరవై రోజులు తమ్ముడూ. అయ్యాక వానలో కూర్చోబెట్టి చూస్తాను."

నీతి: పని నేర్పకుండా పట్టా ఇచ్చినవాడు మొదటి వానకే పట్టుబడతాడు.